విన్నదే మళ్ళీ విని, వేసిన మార్కే మళ్ళీ వేసి

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సంగీతానికి మార్కులు వేయవచ్చునా? పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక పాటకు పదికి ఎనిమిదనీ, మరొక పాటకు పదికి మూడనీ వేయడం అసలు మర్యాదేనా? ఈ ప్రశ్న మా హాస్టల్లో ఏడాదిగా నలుగుతూనే వుంది. కారణం లేకపోలేదు. ఆదివారం సాయంత్రాలు మా గదిలో ఆరుగురం చేరి, ‘ఇండీ రాక్’ అనే పాశ్చాత్య సంగీతంలో ఒక ఆల్బమ్‌ని మొదటినుంచి చివరిదాకా విని, తలా ఒక చీటీ మీద మార్కు రాసుకుంటాం. కొన్నాళ్ళాగి అదే ఆల్బమ్ మళ్ళీ వింటాం. మళ్ళీ వేస్తాం. వరండాలో పోయేవాళ్ళు “సెమిస్టరు మార్కులు చాలలేదు కాబోలు, పాటలకు కూడా వేస్తున్నారు” అని నవ్వుకుంటూ పోతారు. వాళ్ళకు జవాబు చెప్పాలని కాదు గాని, ఇందులో ఏముందో తెలుసుకోవాలనుకునే మిత్రులకోసం ఈ నాలుగు మాటలు.

ఇండీ అంటే ఏమిటి?

‘ఇండీ’ అనగానే ఇండియాకి సంబంధించినదని చాలామంది పొరబడతారు. కాదు. ‘ఇండిపెండెంట్’ అన్న మాటను ఇంగ్లండువాళ్ళు కుదించి ‘ఇండీ’ అన్నారు. స్వతంత్ర సంగీతం అన్నమాట. ఎవరినుంచి స్వతంత్రం? పెద్ద రికార్డు కంపెనీల నుంచి. ఆ రోజుల్లో పాట జనంలోకి పోవాలంటే పెద్ద కంపెనీ గడప తొక్కక తప్పేది కాదు. రికార్డు చేయించేదీ వాళ్ళే, అచ్చు వేసేదీ వాళ్ళే, దుకాణాలకు చేరవేసేదీ వాళ్ళే.

1977 జనవరిలో మాంచెస్టర్ కుర్రాళ్ళ బృందం ఒకటి, పేరు ‘బజ్‌కాక్స్’, సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చుకుని ‘స్పైరల్ స్క్రాచ్’ అనే నాలుగు పాటల రికార్డును తామే వేయి కాపీలు వేయించుకుంది. అవి అయిపోతే మళ్ళీ వేయించారు. మొత్తం మీద పదహారు వేల వరకూ అమ్ముడుపోయాయి. ఏ పాటను ఎన్నోసారి పాడినప్పుడు రికార్డు చేశారో కూడా కవరు వెనక అచ్చు వేశారు. ‘ఇందులో మంత్రమేమీ లేదు, మీరూ చేసుకోవచ్చు’ అని చెప్పడమే దాని భావం. చాలామంది చేసుకున్నారు కూడా. లండన్‌లో 1976లో జెఫ్ ట్రావిస్ పెట్టిన ‘రఫ్ ట్రేడ్’ అనే రికార్డుల దుకాణం 1978కల్లా తానే ఒక కంపెనీ అయింది. అదే యేడు మాంచెస్టర్‌లో టోనీ విల్సన్ తన మిత్రులతో కలిసి ‘ఫ్యాక్టరీ’ అనే కంపెనీ పెట్టాడు. ఖర్చులు పోగా మిగిలినదానిలో సగం సంగీతకారులది, సగం కంపెనీది. పాటల మీద హక్కు మాత్రం పాడినవాళ్ళదే.

మాది మిరప పండించే ఇల్లు. ఈ లెక్క చదివినప్పుడు నాకు సంగీతంకంటే ముందు మా పొలం గుర్తొచ్చింది. కొట్టువాళ్ళ దగ్గర అడ్వాన్సు తెచ్చుకుని పంట వేసి, కాయలు వాళ్ళ కొట్టుకే తోలి, కాటా అయ్యాక అసలు, వడ్డీ, కమీషను, హమాలీ పోగా చేతికి వచ్చే పట్టీ ఎలా వుంటుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. పెద్ద రికార్డు కంపెనీల అడ్వాన్సు కూడా సరిగ్గా ఇదే. స్టీవ్ ఆల్బినీ అనే అమెరికన్ రికార్డింగు నిపుణుడు 1993లో ఒక వ్యాసంలో దీన్ని అణా పైసలతో సహా లెక్క కట్టి చూపాడు. ఊహించిన ఉదాహరణే గాని, అంకెలు ఆ వృత్తిలో వున్నవాడు వేసినవి. నలుగురు సభ్యుల బృందానికి పెద్ద కంపెనీ రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్సిచ్చింది. రికార్డు రెండున్నర లక్షల కాపీలు పోయింది. అంటే హిట్టే! కంపెనీకి 7,10,000 డాలర్లు మిగిలాయి. నిర్మాతకు 90,000, మేనేజరుకు 51,000. బృందంలో ఒక్కొక్కరికీ మిగిలింది 4,031 డాలర్ల చిల్లర. మా నాన్నకు ఇది తెలుగులో చదివి వినిపిస్తే, “వాళ్ళకీ కొట్లున్నాయన్నమాట” అన్నాడు.

ఆల్బినీ రాయడంతో ఆగలేదు. ‘పిక్సీస్’ బృందం 1988లో తెచ్చిన ‘సర్ఫర్ రోజా’ ఆల్బమ్‌ను రికార్డు చేసినందుకు 1,500 డాలర్లు కూలిగా పుచ్చుకుని, అమ్మకాల్లో వాటా వద్దన్నాడు. పాటలు వాళ్ళవి, నేను పనివాణ్ణి అన్నది ఆయన పద్ధతి. 2024 మే నెలలో చనిపోయేదాకా ఆ మాట మీదనే నిలబడ్డాడు.

1980 జనవరిలో ఇంగ్లండులో ఇండీ రికార్డులకు వేరే అమ్మకాల పట్టిక మొదలైంది. అందులో చేరడానికి షరతు బాణీ కాదు, రికార్డు పెద్ద కంపెనీల ద్వారా కాకుండా దుకాణాలకు చేరి వుండాలి, అంతే. కాలక్రమేణా ఆ పేరు ఒక బాణీకి అంటుకుంది. గరగరలాడే గిటార్లు, మెరుగు పెట్టని గొంతు, పక్కింటి కుర్రాడు పాడినట్టుండే తీరు. ఈనాడు పెద్ద కంపెనీలో చేరినవాళ్ళను కూడా ఇండీ అనేస్తున్నారు. స్వతంత్ర కంపెనీలన్నీ చల్లగా వున్నాయనీ అనుకోవద్దు. రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ 1991లో కూలిపోయింది, ఫ్యాక్టరీ 1992లో దివాలా తీసింది. న్యాయం వేరు, వ్యాపారం వేరు.

పాట కాదు, ఆల్బమ్

మన సినిమా పాటకు కథ తోడుంటుంది. ఈ సంగీతానికి సినిమా లేదు. ఆల్బమే కథ. నల్లటి ఎల్.పీ. రికార్డుకు రెండు పక్కలు, పక్కకు సుమారు ఇరవై నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది రావాలి, పక్క తిప్పాక మొదట ఏది వినపడాలి అని ఆలోచించి పేరుస్తారు. అందుకని మధ్యలో ఒక పాట తీసుకుని మార్కు వేయడం, భోజనంలో పచ్చడి ఒక్కటీ నాకి వంట బాగాలేదన్నట్టుంటుంది. ఫోనులో పాటలు దాటవేసుకుంటూ పోవడం మనకు అలవాటైపోయింది గనుక, నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవడమే మాకు మొదట్లో పెద్ద పరీక్ష అయింది.

మార్కుల శక్తి

సంగీతానికి మార్కులు వేయడం మేము కనిపెట్టిందేమీ కాదు. న్యూయార్కులో రాబర్ట్ క్రైస్ట్‌గౌ అనే విమర్శకుడు 1969 నుంచీ ఆల్బమ్‌లకు, పంతులుగారు వేసినట్టు, ఎ, బి, సి అని గ్రేడులు వేస్తూ వచ్చాడు. 1990ల మధ్యలో రయన్ ష్రైబర్ అనే అమెరికన్ యువకుడు ప్రారంభించిన ‘పిచ్‌ఫోర్క్’ అనే సమీక్షల పత్రిక ఇంకో అడుగు ముందుకు వేసింది. పదికి మార్కులు, అవీ దశాంశ స్థానంతో. 7.3కీ 7.4కీ తేడా ఏమిటని ఫిజిక్సు లాబొరేటరీలో ‘లీస్ట్ కౌంట్’ నేర్చుకున్న ఎవడైనా అడుగుతాడు. స్కేలు మీద మిల్లీమీటరు గీతలే లేనప్పుడు మిల్లీమీటర్లలో కొలత రాయకూడదు గదా! అయినా ఆ దశాంశాన్ని జనం నమ్మారు. ఎంతగా నమ్మారో 2004లో తేలింది.

ఆ యేడు సెప్టెంబరులో ‘ఆర్కేడ్ ఫైర్’ అనే కెనడా బృందం ‘ఫ్యూనరల్’ అన్న ఆల్బమ్ విడుదల చేసింది. కంపెనీ ‘మెర్జ్’, ఉత్తర కరొలైనాలో ఇద్దరు సంగీతకారులు 1989లో పెట్టుకున్న చిన్న సంస్థ. పిచ్‌ఫోర్క్ 9.7 వేసింది. దుకాణాల్లో కాపీలు చాలక కంపెనీ ఉక్కిరిబిక్కిరైంది. అదే నెలలో ట్రావిస్ మారిసన్ అనే గాయకుడి ‘ట్రావిస్టాన్’ వచ్చింది. అంతకుముందు ఆయన వున్న బృందం ‘ది డిస్మెంబర్‌మెంట్ ప్లాన్’కు ఇదే పత్రిక 9.6 దాకా వేసింది. ఈసారి వేసింది 0.0. ఆ సున్నా తర్వాత కాలేజీ రేడియోలూ దుకాణాలూ ఆ ఆల్బమ్ జోలికి రావడం మానేశాయని ఆయన కంపెనీవాళ్ళే చెప్పుకున్నారు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. మిరపకాయల టిక్కీ విప్పి, గుప్పెడు కాయలు తీసి, వెలుగులో ఒకసారి తిప్పి చూసి ధర చెప్పే మనిషిని నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఆరేడు నెలల చాకిరీకి అర నిమిషంలో తీర్పు. అడుగున మంచి కాయ వుందయ్యా అన్నా వినే తీరిక ఆయనకు లేదు, వెనక వంద టిక్కీలు నిలబడి వుంటాయి. ఒక యేడు మా కాయలో సగం ‘తాలు’ కింద కొట్టేశారు. ఆ చేతికి కోపం వుందని కాదు, తొందర వుంది. మార్కులో వున్న ప్రమాదం ఇదే. ఒకసారి, తొందరలో, అవతలివాడి కూటి మీద ప్రభావం వుండేటట్టు వేసిన మార్కు ఇక మార్కు కాదు, ధర.

మరి మేము వేసేది? మా చీటీల వల్ల ఎవరి రికార్డూ దుకాణంలో ఆగిపోదు, ఎవరికీ కూలి తెగదు. కనుక మాకు పెద్ద విమర్శకులకు లేని సౌఖ్యం ఒకటుంది. ఎన్నిసార్లయినా తీరిగ్గా వినవచ్చు, ఎన్నిసార్లయినా మార్కు మార్చవచ్చు.

మా పద్ధతి

నియమాలు నాలుగే. మొదటిది, ఆల్బమ్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. రెండోది, చర్చకు ముందే మార్కు రాసి చీటీ మడిచి పెట్టాలి. గట్టిగా మాట్లాడేవాడు ముందు “అద్భుతం మామా” అన్నాడంటే మిగతావాళ్ళ మార్కులు తెలియకుండానే అటు జరుగుతాయి. మూడోది, మార్కు పక్కన ఒక్క వాక్యంలో కారణం. నాలుగోది, తారీఖు.

చీటీలు విప్పాక సగటు కడతాం. ఇక్కడ స్టాటిస్టిక్సు చదివినందుకు కాస్త ప్రయోజనం కనిపించింది. ఉదాహరణకు ఐదుగురు తలా 7 వేశారనుకుందాం, సగటు 7. ఇంకో ఆల్బమ్‌కు 10, 10, 7, 4, 4 వచ్చాయనుకుందాం, దాని సగటూ 7. రెండూ ఒకటేనా? మొదటిదాని ప్రామాణిక విచలనం సున్నా, రెండోదానిది ఇంచుమించు 2.7. మొదటి ఆల్బమ్ ఎవరినీ నొప్పించలేదు, ఎవరినీ కదిలించలేదు. రెండోదాని మీద ఆ రాత్రి మెస్సులో అన్నం చల్లారేదాకా వాదన జరుగుతుంది. సగటు ఒక్కటే చూసేవాడికి ఈ తేడా కనపడదు. మళ్ళీ వినవలసినవి ఏవని అడిగితే, విచలనం ఎక్కువ వున్నవి అని నా సలహా. పది వేసినవాడు విన్నదేదో నాలుగు వేసినవాడికి ఇంకా వినపడలేదన్నమాట, లేదా నాలుగు వేసినవాడు పట్టుకున్న లోపం పది వేసినవాడికి కనపడలేదన్నమాట.

మళ్ళీ వింటే ఏమవుతుంది?

మూడు ఆల్బమ్‌ల సంగతి చెబుతాను.

‘జాయ్ డివిజన్’ బృందం 1979లో ఫ్యాక్టరీ ద్వారా తెచ్చిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’. కవరు మీద బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. నల్లటి నేల మీద దొంతరగా తెల్లటి గీతలు. నాకవి మొదట దుక్కి దున్నిన చాళ్ళలా కనిపించాయి. నిజానికవి సి.పి. 1919 అనే పల్సారు నుంచి వచ్చిన రేడియో స్పందనలు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని కనిపెట్టిన మొదటి పల్సారు అది. సుమారు 1.34 సెకన్లకొకసారి తప్పకుండా మినుకుమంటుంది. (1974లో నోబెల్ బహుమతి ఆమె గురువుగారికి వచ్చింది, ఆమెకు రాలేదు. మార్కులు వేసేవాళ్ళ సంగతి అక్కడా అంతే!) ఇక సంగీతం. నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ములను విడివిడిగా వాయించమని, ఒకదాని మోత మరొకదానిలో కలవకుండా రికార్డు చేశాడు. అందువల్ల ఖాళీ గోదాములో ఎవరో దూరంగా కొడుతున్నట్టుంటుంది. తమ వేదిక మీది జోరు అంతా చల్లార్చేశాడని బృందంలో గిటారు వాయించే బెర్నార్డ్ సమ్నర్, బేస్ వాయించే పీటర్ హుక్ అప్పట్లో గునిశారు. ఏళ్ళు గడిచాక హానెట్ చేసిందే సరి అని హుక్ స్వయంగా చెప్పాడు. వాయించినవాడే తన రికార్డుకు వేసిన మార్కు మార్చుకున్నాడంటే, వినేవాళ్ళం మనమెంత? గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మేలో, 23 ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. ఈ సంగతి తెలియక ముందు మా గదిలో వేసిన మార్కు వేరు, తెలిసిన తర్వాత వేసిన మార్కు వేరు. రెండోదాంట్లో సంగీతమెంత, జాలి ఎంత అన్నది మేమింకా తేల్చుకోవలసే వుంది.

రెండోది ‘మై బ్లడీ వాలెంటైన్’ వారి ‘లవ్‌లెస్’. 1991లో క్రియేషన్ అనే స్వతంత్ర కంపెనీ విడుదల చేసింది. కెవిన్ షీల్డ్స్ గిటారుకుండే ఇనప కాడను చేత్తో కదిలిస్తూనే తీగలు మీటుతాడు. స్వరం ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఊగుతుంది, మన గమకానికి దూరపు చుట్టంలాగ. గొంతులను గిటార్ల మోతలో ముంచేస్తాడు. దీనిని చేయడానికి రెండేళ్ళు పట్టింది. రెండున్నర లక్షల పౌండ్లు ఖర్చయిందని ప్రచారం, షీల్డ్స్ మాత్రం ఆ అంకెను ఒప్పుకోలేదు. ఏమైనా విడుదల తర్వాత కంపెనీ ఆ బృందాన్ని వదులుకుంది. మొదటిసారి విన్నప్పుడు మా జువాలజీ మిత్రుడు “ఏందిరా ఇది, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంది” అని రెండు వేశాడు. మూడోసారికి ఆ చీటీ మీద ఏడు వుంది, పక్కన కారణం: “వడగళ్ళ కింద ఎవరో జోల పాడుతున్నారు.” ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

మూడోది 1998లో మెర్జ్ విడుదల చేసిన ‘ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ’. బృందం ‘న్యూట్రల్ మిల్క్ హోటల్’. జెఫ్ మాంగమ్ అనే గాయకుడు ఆన్ ఫ్రాంక్ డైరీ చదివి కదిలిపోయి అల్లిన పాటలు ఇందులో చాలా వున్నాయి. మామూలు గిటారు, బాకాలు, కర్ర కోసే రంపాన్ని కమానుతో గీసి పలికించే నాదం, వాటిమీద బొంగురు పోయేలా అరిచే గొంతు. పిచ్‌ఫోర్క్ 1998లో దీనికి 8.7 వేసింది, 2005లో మళ్ళీ విడుదలైనప్పుడు పదికి పది. ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు. మారింది విన్నవాళ్ళు. 2021 అక్టోబరులో ఆ పత్రికే తన పాత మార్కుల్లో పంతొమ్మిదింటిని బహిరంగంగా తిరగరాసింది. ‘విల్కో’ బృందం ‘స్కై బ్లూ స్కై’ 5.2 నుంచి 8.5కి ఎక్కింది. ‘ఇంటర్‌పోల్’ వారి ‘టర్న్ ఆన్ ది బ్రైట్ లైట్స్’ 9.5 నుంచి 7కి దిగింది. లిజ్ ఫెయిర్ 2003 ఆల్బమ్‌కు వేసిన సున్నా ఆరయింది. మంచిదే. కాని పద్దెనిమిదేళ్ళ తర్వాత వచ్చిన ఆ ఆరు మార్కులు, ఆ రోజు దుకాణంలో కొనకుండా పోయినవాణ్ణి వెనక్కి పిలవలేవు గదా.

అలవాటా, అవగాహనా?

సైన్సు విద్యార్థులకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఏదైనా పదిసార్లు వింటే నచ్చకేం చేస్తుంది? నిజమే. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే దీన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. అర్థం తెలియని మాటలనూ, గుర్తులనూ పదేపదే చూపిస్తే, చూసిన కొద్దీ జనానికి వాటిమీద ఇష్టం పెరిగింది. కాబట్టి మా మార్కు పెరిగినంత మాత్రాన ఆల్బమ్ గొప్పదని రుజువు కాదు.

అందుకు మేము చేసే పని, అందరూ తక్కువ వేసిన ఆల్బమ్‌ను కూడా అన్నేసిసార్లే వినడం. అన్నీ సమానంగా పెరిగితే అది అలవాటు. ఒకటి పెరిగి ఇంకొకటి పెరగకపోతే ఆ తేడా ఆల్బమ్‌లో వుందనుకోవచ్చు. మా అనుభవంలో కొన్ని పెరిగాయి, కొన్ని కదల్లేదు, మొదటిసారి బ్రహ్మాండమనిపించినవి కొన్ని చప్పబడిపోయాయి. ఆరుగురి మీద చేసినదాన్ని ప్రయోగం అనడం సాహసమే, ఒప్పుకుంటాను. అయినా మూడో నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. మార్కు పెరిగి, పక్కన రాసిన కారణం మారకపోతే అది అలవాటు. కారణం కూడా మారి, కొత్తగా ఏదో వినపడిందని రాస్తే అది అవగాహన. అంకె కంటే ఆ ఒక్క వాక్యమే విలువైనదని క్రమంగా మా అందరికీ తెలిసివచ్చింది.

మిత్రులకు మనవి

మార్కులు వేయడం తప్పని నేననను. వేయకపోతే నలభై నిమిషాలు శ్రద్ధగా వినేవాళ్ళం కాదు. ఎందుకు ఏడు, ఎందుకు ఎనిమిది కాదు అని అడిగేవాడు పక్కన వుంటేనే చెవి పనిచేస్తుంది. తప్పల్లా, ఒకసారి వేసిన అంకెను శిలాశాసనం చేయడంలో వుంది. ఆల్బమ్ విషయంలోనే కాదు, మన ర్యాంకుల విషయంలోనూ, యార్డులో కాయ విషయంలోనూ ఇంతే. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు చూసి వేశారు అన్నవి తెలియకుండా అంకెను అంకెగా నమ్మడం సైన్సు చదివేవాళ్ళు చేయవలసిన పని కాదు.

ఇంగ్లీషు పాటలు మనకు అర్థం కావని జంకే జూనియర్లకు ఒక మాట. మాకూ మొదటిసారి మాటలు సగం అర్థం కావు. మోత వినండి, విరామం వినండి, రెండోసారికి మాటలు వాటంతటవే వస్తాయి. పెద్ద సరంజామా అక్కర్లేదు, ఒక చిన్న స్పీకరు, నాలుగు చీటీలు, ఒక పెన్సిలు చాలు. ఇండీ రాకే కావాలని కూడా లేదు, మీకు నచ్చిన కచేరీ అయినా, పాత సినిమా పాటలైనా సరే, పద్ధతి ఒక్కటే. మా గది రెండో అంతస్తులో మెట్ల పక్కన. ఆదివారం ఆరు గంటలకు రండి. వచ్చేటప్పుడు మీకు ససేమిరా నచ్చని ఆల్బమ్ ఒకటి పట్టుకు రండి, దాంతోనే మొదలుపెడదాం.